చర్చ: క్వీన్ మేరీ 2 ఓడలో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ – ఏడు రాత్రుల తిండి, వైన్, కాలక్షేపం

హడ్సన్‌తీరం:
సౌతాంప్టన్‌లో ఎక్కి బ్రూక్లిన్‌లో దిగడం. ఏడు రాత్రులు, మధ్యలో రేవు ఒక్కటీ లేదు. రెండూ బ్రిటానియా కేబిన్లే (మామూలు తరగతి, భోజనం బ్రిటానియా అనే పెద్ద డైనింగ్ హాల్లో). అమ్మానాన్నలు శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. మా ఇద్దరికీ వైన్ అంటే సరదా ఉంది. డిన్నర్ 6 గంటల సిట్టింగ్ (భోజనాల వంతు) తీసుకోవాలా, 8:30దా? డ్రింక్స్ ప్యాకేజీ కొనాలా, విడిగా సీసాలు నయమా? పెద్దవాళ్లకి రోజంతా ఏం తోస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

మిడ్‌షిప్:
ముందు సిట్టింగ్ తేల్చుకోండి. మిగతావన్నీ దాన్ని బట్టే నడుస్తాయి.

మీరు వెళ్లేది పడమటికి. లండన్‌కీ న్యూయార్క్‌కీ ఉన్న 5 గంటల తేడాని ఓడ రోజుకో గంట చొప్పున ఐదు రాత్రుల్లో వెనక్కి తిప్పుతుంది. అంటే ఐదు రోజులపాటు రోజుకి 25 గంటలు. నిద్ర కలిసొస్తుంది కానీ ఆకలి మాత్రం ఓడ గడియారం కంటే ముందే వేస్తుంది. పెద్దవాళ్లకి 8:30 సిట్టింగ్‌లో డెజర్ట్ వచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి. కాబట్టి మీకు 6 గంటలదే మేలు.

తూర్పుకి వెళ్లేవాళ్లకి లెక్క తిరగబడుతుంది. అటు గడియారం మధ్యాహ్నం 12కి ముందుకి జరిగి ఒక్కసారిగా 1 అవుతుంది. లంచ్, 3:30కి టీ, 6కి డిన్నర్ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. వాళ్లు 8:30కి వెళ్లడమే మంచిది. సిట్టింగ్ ఎంచుకునేటప్పుడు దిక్కు చూసుకోకపోవడం వల్లే కొందరు రెండో రోజుకల్లా టేబుల్ మార్చమని తిరుగుతుంటారు.

బ్రిటానియాలో వారమంతా ఒకటే టేబుల్, అదే వెయిటర్. బుకింగ్‌లోనే నలుగురికీ విడి టేబుల్ కావాలని రాయించండి. ఇచ్చింది నచ్చకపోతే ఎక్కిన రోజు మధ్యాహ్నమే మేత్ర్ దోతెల్‌ని (డైనింగ్ హాల్ పెద్దని) కలవండి. మొదటి డిన్నర్ అయ్యాక అడిగితే ఖాళీలు ఉండవు.

బీపీ మాత్రలు, ఇన్సులిన్ ఉంటే ఈ 25 గంటల రోజుల్లో మోతాదు ఎలా జరుపుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకోండి.

పెరుగన్నం_పార్టీ:
శాకాహారం సంగతి నేను చెప్తాను. మెనూలో మాంసం లేని వంటకాలు రోజూ ఉంటాయి, కానీ వాళ్ల లెక్కలో గుడ్డు శాకాహారమే. “మాంసం, చేప, గుడ్డు, జెలటిన్, మాంసం స్టాక్ వద్దు” అని ఐదింటినీ విడివిడిగా చెప్పాలి (జెలటిన్ అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది, స్టాక్ అంటే మాంసం, ఎముకలు ఉడికించిన నీళ్లు). బుకింగ్‌లో ఒకసారి, మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కి మరోసారి.

తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే:
– కూరగాయల సూప్. అడుగున చికెన్ స్టాక్ ఉండొచ్చు.
– సీజర్ సలాడ్ డ్రెస్సింగ్, వూస్టర్‌షైర్ సాస్. రెంటిలోనూ ఆంకోవీ చేప.
– మూస్, పన్నాకోటా. జెలటిన్.
– ఇంగ్లీషు పుడ్డింగుల్లో సూయెట్, అంటే పశువు కొవ్వు.
– పర్మెజాన్ చీజ్. దానికి పాలు విరిచేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. పట్టింపు ఉన్నవాళ్లు అదీ వద్దనాలి.

అసలు కిటుకు ఏమిటంటే, డిన్నర్ ముగిసేటప్పుడు హెడ్ వెయిటర్‌ని రేపటి మెనూ చూపించమని అడగాలి. ఎంచుకున్న వంటకాన్ని గుడ్డు లేకుండా చెయ్యగలరో లేదో అప్పుడే తేలుతుంది. అదే రోజు 6 గంటలకి కూర్చుని అడిగితే వంటగదిలో సాసులు అప్పటికే తయారై ఉంటాయి, ఉడకబెట్టిన కూరగాయల పళ్లెం తప్ప ఇంకేమీ రాదు. పప్పు, కూర, అన్నం కావాలన్నా ఒకరోజు ముందు చెప్తే చాలావరకు కుదురుతుంది. పుల్కాలు మాత్రం ఆశించకండి. ఓడ వంటగదిలో మంట వెలిగించరు, అంతా కరెంటు పొయ్యిలే.

పెరుగన్నం సులువు. తీపి కలపని పెరుగు, తెల్లన్నం, చల్లటి పాలు విడివిడిగా తెప్పించుకోండి. పెరుగు గ్రీకు రకమైతే గట్టిగా ఉంటుంది, పాలు పోస్తేనే అన్నంలో కలుస్తుంది. ఉదయమైతే ఏడో డెక్‌లోని (అంతస్తులోని) కింగ్స్ కోర్ట్ బఫేలో పెరుగు దొరుకుతుంది.

కేబిన్‌లో కెటిల్ ఉంటుంది, అమెరికా కంపెనీల ఓడల్లో అది అరుదు. వేడినీళ్లు పోసి తినే ఉప్మా కప్పులు పనికొస్తాయి. రైస్ కుక్కర్, ఇమ్మర్షన్ రాడ్ పెట్టెలో కనబడితే తీసేసుకుంటారు. పొడులు, ఆవకాయ కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్లయితేనే తీసుకెళ్లండి. న్యూయార్క్‌లో దిగేటప్పుడు తిండి సామాను ఏదున్నా డిక్లేర్ చెయ్యాలి. ఎదురు దిక్కున అమెరికా నుంచి బ్రిటన్ వెళ్లేవాళ్లకి పాల ఉత్పత్తులు దించే వీల్లేదు. పాలకోవా, నేతి మిఠాయిలు ఓడలోనే ఖాళీ చేసుకోవాలి.

కార్కువిప్పు:
ఇక వైన్. ప్యాకేజీకి రోజుకింత అని మొత్తం ప్రయాణానికి కట్టాలి. పైగా ఒకే కేబిన్‌లోని పెద్దలందరూ కొనాలనే షరతు ఉంటుంది. తాగనివాళ్లతో కేబిన్ పంచుకునేవాళ్లకి అక్కడే దెబ్బ. మీవి రెండు కేబిన్లు కాబట్టి ఆ చిక్కు లేదు, అయినా సీసాలే నయం.

750 మి.లీ. సీసాకి 150 మి.లీ. గ్లాసులు 5. ఇద్దరూ డిన్నర్‌కి తలో గ్లాసు తాగితే ఒక సీసా రెండు రాత్రులొస్తుంది, ఇంకా ఓ గ్లాసు మిగులుతుంది. సీసా 50 డాలర్లు, సర్వీస్ చార్జ్ 15 శాతం అనుకుంటే 57.50. వారానికి ఎక్కువలో ఎక్కువ నాలుగు సీసాలు, 230 డాలర్లు. ఇద్దరికి ఏడు రోజుల ప్యాకేజీ ధర పక్కన పెట్టి పోల్చండి. అసలు శాతం ఎంతో వైన్ జాబితా అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మిగిలిన సీసాకి వైన్ వెయిటర్ కేబిన్ నంబరు చీటీ కట్టి దాచిపెడతాడు. తెల్ల వైన్ ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. ఎర్రది రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజుకి చప్పబడుతుంది. షాంపేన్ మర్నాటికి మించి దాచకండి. చీటీ కట్టేటప్పుడు నంబరు మీ కళ్లతో చూసుకోండి, ఒక అంకె తప్పినా సీసా వేరే టేబుల్‌కి పోతుంది.

ఏది కొనాలి? ఓడ మీద పాత బోర్డో (ఫ్రాన్స్ ఎర్ర వైన్) జోలికి పోకండి. పదిహేను, ఇరవై ఏళ్ల ఎర్ర వైన్‌లో మడ్డి పేరుకుని ఉంటుంది. అట్లాంటిక్ ఊపుకి అది అడుగున నిలవదు, గ్లాసులోకి వస్తుంది. ఆ డబ్బుతో కుర్ర వైన్ రెండు సీసాలొస్తాయి. ఎర్రది తరచూ గది వేడిలో ఇస్తారు. ఐసు బకెట్‌లో 10 నిమిషాలు పెట్టమంటే వెయిటర్ ముఖం కాస్త మారుతుంది కానీ పెడతాడు.

కారపు కూరతో టానిన్ (వగరు) ఎక్కువున్న కాబెర్నే అనే ఎర్ర వైన్ తాగితే నోరు మండుతుంది. ఆల్కహాల్ శాతం పెరిగేకొద్దీ కారం ఇంకా తెలుస్తుంది. కాస్త తీపి ఉన్న జర్మన్ రీస్లింగ్ అనే తెల్ల వైన్ అడగండి.

డెజర్ట్ తర్వాత గ్లాసు మదీరా (మదీరా దీవి నుంచి వచ్చే ఘాటు వైన్) తాగి చూడండి. ఓడల్లో ఉష్ణమండలం దాటి వెనక్కి వచ్చిన పీపాల్లోని వైన్ వేడికి ఉడికి ఇంకా రుచి తేలిందని ఒకప్పటి వర్తకులు గమనించారు. ఇప్పుడు అదే వేడిని ఒడ్డు మీదే పెడుతున్నారు. తెరిచాక కూడా నెలల తరబడి చెడదు. ఓడకి అంతకన్నా తగిన వైన్ లేదు.

ఏడో_డెక్:
కార్కువిప్పు గారూ, ప్యాకేజీని మరీ తీసెయ్యకండి. కాఫీలు, కాక్‌టెయిల్స్, మధ్యాహ్నం బీరు కూడా అలవాటున్నవాళ్లకి అది గిట్టుబాటే. డిన్నర్‌లో మాత్రమే తాగేవాళ్లకయితే మీ లెక్కే సరి. ఇంకోటి, ఎక్కేటప్పుడు సొంత వైన్ ఎన్ని సీసాలు తేవచ్చో టికెట్ షరతుల్లో చూసుకోండి. విస్కీ లాంటివి కుదరవు. సొంత సీసాని డైనింగ్ రూమ్‌లో తెరిపిస్తే కార్కేజ్ (సీసా తెరిచే రుసుము) పడుతుంది.

కాలక్షేపం విషయం. ముందురోజు సాయంత్రం కేబిన్‌కి దినసరి కార్యక్రమాల కాగితం వస్తుంది, పెన్నుతో గుర్తులు పెట్టుకోండి. పెద్దవాళ్లకి నా ఓటు పొద్దున ఉపన్యాసాలకి, తర్వాత ప్లానెటేరియంకి. అది ఉండే ఇల్యూమినేషన్స్ హాల్లో గుమ్మటం కింద సీట్లు సుమారు 150 మాత్రమే. మొదటి రెండు రోజుల్లోనే చూసెయ్యండి, చివరికి వాయిదా వేస్తే రద్దీ. అక్కడి కుర్చీ వెనక్కి వాలుతుంది, భోజనం చేసి వెళ్తే నిద్ర ఖాయం.

3:30కి క్వీన్స్ రూమ్ అనే డాన్స్ హాల్లో టీ, పక్కన సంగీతం. 3:10కల్లా చేరితే నాట్యవేదిక పక్క టేబుల్ దొరుకుతుంది. సాండ్‌విచ్ పళ్లెం కలిపి తిప్పుతారు, గుడ్డు, చేప ఉన్నవి అందులోనే ఉంటాయి. దోసకాయవి విడిగా తెమ్మని చెప్పండి. స్కోన్‌లో (టీతో ఇచ్చే చిన్న బన్నులో) గుడ్డుందేమో అడగండి. 6 గంటల సిట్టింగ్ వాళ్లు ఇక్కడ ఒక స్కోన్‌తో ఆగాలి, లేకపోతే డిన్నర్ వృథా.

నడకకి ఏడో డెక్ చుట్టూ మూడు చుట్లు తిరిగితే సుమారు 1.8 కి.మీ. గాలి ముదిరితే తలుపులు మూసేస్తారు.

మిడ్‌షిప్:
ఊపు గురించి ఎవరూ చెప్పలేదు. ఓడ పక్కల నుంచి రెక్కల్లా చాచే స్టెబిలైజర్లు పక్కకి ఒరగడాన్ని తగ్గిస్తాయి. ముక్కు పైకీ కిందకీ లేవడాన్ని ఆపలేవు. థియేటర్, ప్లానెటేరియం రెండూ ముందువైపే, ఆ ఎత్తిపడేత అక్కడే ఎక్కువ. కెరటాలు పెద్దవైతే డాన్సర్లు ఒకరినొకరు ఎత్తే అంశాలు మానేస్తారు, ఒక్కోసారి షో బదులు పాటల కచేరీ పెడతారు. ఆ రాత్రి థియేటర్‌లో వెనక వరసలో కూర్చోండి, లేదా క్వీన్స్ రూమ్‌కి వెళ్లిపోండి. అది ఓడ వెనకవైపుకి ఉంటుంది.

సిన్నరిజిన్ మాత్ర వేసుకునేది కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, 2 గంటల ముందు. మన దగ్గర స్టుజెరాన్ పేరుతో ఉంటుంది, అమెరికాలో అమ్మరు. దాని మీద వైన్ తాగితే మత్తు ఇంకా పెరుగుతుంది, ఆ రోజు గ్లాసు పక్కన పెట్టాలి.

హడ్సన్‌తీరం:
చాలా థాంక్స్. 6 గంటలదే అడుగుతాం. గాలా రాత్రులకి (అందరూ ముస్తాబై వచ్చే డిన్నర్లకి) నాన్నకి సూటు కుట్టించాలా? చివరి రాత్రి వైన్ మిగిలితే తీసుకెళ్లొచ్చా?

పెరుగన్నం_పార్టీ:
సూటు అక్కర్లేదు. వారం ప్రయాణంలో గాలా రాత్రులు సాధారణంగా రెండు. జాతీయ దుస్తులు నియమంలోనే ఉన్నాయి, బంద్‌గలా గానీ షేర్వానీ గానీ చాలు. అమ్మగారికి పట్టుచీర, అంతే. ఎవరికైనా డ్రెస్ చేసుకునే ఓపిక లేకపోతే ఆ పూట కింగ్స్ కోర్ట్‌లోనో గోల్డెన్ లయన్ పబ్‌లోనో తినొచ్చు.

కార్కువిప్పు:
తెరిచిన సీసా తీసుకెళ్లొద్దు. చివరి రాత్రి పెద్ద పెట్టెలు కేబిన్ బయట పెట్టాలి, వాటిని అడ్డంగా పడేస్తారు, కార్కు కారుతుంది. ఆరో రాత్రికి కొత్త సీసా తెరవకండి, ఏడో రాత్రికి గ్లాసులతో సరిపెట్టుకోండి. తెరవనిదైతే చేతి సంచీలో పెట్టుకోండి. 21 ఏళ్లు దాటినవాళ్లకి అమెరికాలో తలకి 1 లీటరు వరకు సుంకం ఉండదు, అంటే మనిషికో సీసా.