ఖాళీ ప్లాట్ల పన్ను అడిగితే అన్ని పార్టీలవాళ్లూ కలిసొస్తారా?

నాగోల్ వాసి:
నమస్తే అండి. మాది నాగోల్ వైపు కాలనీ. నాలుగిళ్లకో ఖాళీ ప్లాటు. వాటి నిండా సర్కారు తుమ్మ, వానాకాలం వస్తే పాములు, దోమలు. ఓనర్లు చాలామంది ఇక్కడ ఉండరు. కడీలు పాతి, గోడ మీద ఫోన్ నంబరు రాసి వెళ్లిపోయారు. 2017లో మెట్రో వచ్చాక గజం రేటు ఎక్కడికో పోయింది. ఆ మెట్రో, రోడ్డు, డ్రైనేజీ అన్నీ జనం డబ్బుతో, జనం వల్ల వచ్చినవే కదా!

జీహెచ్ఎంసీలో ఖాళీ స్థలానికి రిజిస్ట్రేషన్ విలువలో 0.5 శాతం పన్ను ఉంది. మా వీధిలో ఆ సంగతి తెలిసినవాళ్లే తక్కువ. అప్పు చేసి పైన రెండు గదులు వేసుకున్నాయనకు మాత్రం ఇంటిపన్ను పెరిగింది. ఈ భారం కట్టడం మీద తగ్గి, నేల విలువ మీదికి జరగాలన్నది నా కోరిక. అసోసియేషన్‌లో కాంగ్రెస్, బీఆర్ఎస్, బీజేపీ, సీపీఎం అందరూ ఉన్నారు. పన్ను అనగానే అందరూ అడ్డం తిరిగారు. ఎలా ఒప్పించాలి?

రిటైర్డ్ మున్సిపల్ ఉద్యోగి:
బాబూ, పన్ను వెయ్యమని అడగకండి, మార్చమని అడగండి. ఇంటికి ఇంత తగ్గుతుంది, ఖాళీ ప్లాటుకు ఇంత పెరుగుతుంది అని ఒకే కాగితం మీద చూపించండి. 2021లో ఆంధ్రాలో ఆస్తి విలువను బట్టి పన్ను అన్నప్పుడు ఇంటి విలువనూ అందులో కలిపారు. పెంపు 15 శాతం దాటదన్నా ఎవరూ నమ్మలేదు, ప్రతిపక్షాలన్నీ రోడ్డెక్కాయి.

ఇంకోటి. నేను పనిచేసిన రోజుల్లో ప్లాటు ఓనరు మాకు దొరికేది ఇంటి పర్మిషన్‌కి వచ్చినప్పుడే. ఖాళీ ప్లాట్ల జాబితా లేకుండా రేటు గురించి ఎంత వాదించినా లాభం లేదు.

పిట్స్‌బర్గ్ నుంచి:
అమెరికాలో మా ఊరి కథ మీకు పనికొస్తుంది. 1913 చట్టంతో ఇక్కడ నేల మీద ఎక్కువ, కట్టడం మీద తక్కువ పన్ను మొదలైంది. ఒక దశలో నేల మీద పన్ను రేటు కట్టడం మీద రేటుకి ఐదు రెట్లు దాటింది. 2001లో ఆ పద్ధతి ఎత్తేశారు, ఎందుకో చెప్తా. ఏళ్ల తరబడి సరిగ్గా సవరించని విలువల్ని కౌంటీ (మీ జిల్లా లాంటిది) ఒక్కసారిగా తిరగరాసింది. బిల్లులు చూసి జనం మండిపడ్డారు, ఆ కోపం ఈ పద్ధతి మీద పడింది. అందుకే విలువలు ఏటా కొంచెం కొంచెంగా సవరించాలని గట్టిగా అడగండి.

మీ బీజేపీ మిత్రుడికి అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ పేరు చెప్పండి. మార్కెట్టే ముఖ్యమన్న ఆయన కూడా పన్నులన్నిటిలో నేల విలువ మీద పన్నే తక్కువ చెడ్డది అన్నాడు. సీపీఎం ఆయనకు ఊరు పెంచిన విలువ ఆ ఊరి జనానికే దక్కాలంటే చాలు. ఇద్దరి కారణాలూ ఒకటి కావక్కర్లేదు, సంతకం ఒకే అర్జీ మీద ఉంటే సరి.

ఒక ప్లాటు ఓనరు:
అన్నా, మీరు తిట్టే ఖాళీ ప్లాటు నాలాంటిదాని పేరు మీద కూడా ఉంటుంది. అమ్మాయి చదువుకని చీటీ ఎత్తి 120 గజాలు కొన్నాం. విలువ 20 లక్షలు అనుకున్నా ఏటా 10 వేలు పన్ను. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, ఎక్కడ నుంచి తేవాలి?

నాగోల్ వాసి:
అక్కా, మీలాంటివాళ్లని ఇబ్బంది పెట్టే అర్జీ మీద నేనైతే సంతకం పెట్టను. యూరప్‌లోని ఎస్టోనియాలో 1993 నుంచి ఇంటికి కాదు, నేలకే పన్ను. అక్కడ కూడా 2013లో సొంతిల్లున్న నేలకి పట్నంలో 1,500 చదరపు మీటర్ల దాకా మినహాయించారు. మనం ఒక్క చిన్న ప్లాటే ఉన్నవాళ్లు అమ్మినప్పుడో, ఇల్లు కట్టినప్పుడో ఆ పన్ను చెల్లించేలా అడుగుదాం. పది ప్లాట్లు పట్టుకుని కూర్చున్నాయనకు ఆ వెసులుబాటు వద్దు.

ఆదివారం మీటింగులో ఇంటిపన్ను తగ్గింపు మొదట పెడతాను. వ్యవసాయ భూమి జోలికి పోమని పై లైన్లోనే రాస్తాం, లేకపోతే ఊళ్లో పొలం ఉన్నవాళ్లు వినరు. మున్సిపల్ సార్, ఖాళీ ప్లాట్ల జాబితా వార్డువారీగా ఆర్టీఐలో అడగాలంటే సర్కిల్ ఆఫీసులో పెట్టాలా, హెడ్డాఫీసులోనా?