పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం లేటైతే తప్పు పోర్టుదా, పెన్‌డ్రైవ్‌దా?

మూడులాంతర్ల స్టూడియో:
విజయనగరంలో మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు పార్టీలకి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తాం. మొన్న 28 జీబీ ఎక్కించడానికి గంట దాటిపోయింది. పెళ్లికూతురి మేనమామ గారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రెండు టీలు అయినా పచ్చగీత సగం దాటలేదు. స్పీడు సెకనుకి ఏడు ఎంబీ దగ్గరే ఆగిపోయింది. మా పార్టనరేమో సిస్టం పాతది, అన్నీ యూఎస్‌బీ 2 పోర్టులే, 3.0 పోర్టులుండే కార్డు సిస్టంలో వేయిద్దాం అంటున్నాడు. పెన్‌డ్రైవ్‌ మంచిది కాదని నేనంటున్నాను. మీరేటంటారు?

సిక్కోలు హార్డ్‌వేర్:
మీ పార్టనర్ మాటే రైటు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0కి సెకనుకి 480 మెగాబిట్లు. 2008లో వచ్చిన 3.0కి 5 గిగాబిట్లు. పదింతల పైమాటే. పాత పోర్టులో ఎంత ఖరీదైన పెన్‌డ్రైవ్ పెట్టినా లాభం లేదు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా షాపులో రోజూ చూస్తున్నదే. నీలం పోర్టు, అంటే 3.0ది, ఉండాల్సిందే.

బొబ్బిలి మెకానిక్:
అన్నా, మీ లెక్క తప్పని అనను. కానీ ఆ 480 బిట్లలో చెప్పింది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, కాబట్టి 60 మెగాబైట్లు, అంటే 60 ఎంబీ. సిస్టంకీ పెన్‌డ్రైవ్‌కీ మధ్య రానూపోనూ కబుర్ల ఖర్చు పోగా పాత పోర్టులో చేతికొచ్చేది 35, మహా అయితే 40. పోర్టే అడ్డుపడి ఉంటే స్టూడియో గారికి స్పీడు అక్కడ ఆగాలి. ఏడు దగ్గర ఆగిందంటే ఆపుతున్నది వేరే.

మాట వరసకి అనడం ఎందుకని నిన్న రాత్రి షాపు కట్టేసే ముందు కూర్చుని చూశాను. ఒకే 3 జీబీ వీడియో ఫైలు, రెండు పెన్‌డ్రైవ్‌లు. మొదటిది చవక రకం, డబ్బా మీద 3.0 అనే ఉంది. నల్ల పోర్టులో, అంటే 2.0లో, ఎక్కించడం 9 ఎంబీ. నీలం పోర్టులో పెట్టగానే 60 చూపించింది. నాకూ ఆశ పుట్టింది. అర నిమిషం కాకుండానే గ్రాఫు కిందికి జారి 10 దగ్గర కూర్చుంది, మళ్లీ లేవలేదు. అదే ఫైలు వెనక్కి దింపితే మాత్రం నల్ల దాంట్లో 36, నీలం దాంట్లో 105.

రెండోది కొంచెం ఖరీదైనది. ఎక్కించడం నల్ల పోర్టులో 33, నీలం దాంట్లో 140. పోర్టు గొప్పతనం కనిపించింది ఇక్కడే.

ఎందుకిలగంటే, లోపలున్న ఫ్లాష్ చిప్పుకి చదవడం తేలిక, రాయడం కష్టం. చవక వాటిలో ఒక్కో సెల్లులో, అంటే చిప్పులోని చిన్న గదిలో, మూడు బిట్లు కుక్కుతారు, అది నిదానం పని. అందుకని కొంత జాగాని ఒక్కో సెల్లుకి ఒక్కో బిట్టే రాసేలా వాడుకుంటారు, మొదట్లో కనిపించే పరుగు అదే. ఆ జాగా నిండగానే అసలు రంగు బయటపడుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసేది చదివే స్పీడు. రాసే స్పీడు చాలా వాటి మీద ఉండనే ఉండదు. పార్టీలు మోసపోయేది ఇక్కడే, నాకు బాధ కలిగేదీ ఇందుకే.

సిక్కోలు హార్డ్‌వేర్:
పార్టీ తెచ్చే చవక పెన్‌డ్రైవ్‌ వరకూ ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ స్టూడియో పని అదొక్కటే కాదేటి? కెమెరా మెమరీ కార్డు దింపుకోవాలి కదా. మామూలు కార్డులే 90 ఎంబీ దాకా ఇస్తాయి. పాత పోర్టులో కార్డు రీడర్ పెడితే 35 దాటదు. సిరిమానోత్సవం నాడు రెండు కెమెరాల ఫుటేజీ అలా దింపుతూ కూర్చుంటే ఎడిటింగ్ ఎప్పుడు చేస్తారు?

బొబ్బిలి మెకానిక్:
అది నిజం. దింపుకోవడానికి పోర్టు కావాల్సిందే, ఈ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది. స్టూడియో గారూ, 3.0 కార్డు వేయిస్తే దాని మీద కరెంటు పిన్ను ఉందేమో చూసి, సిస్టంకి కరెంటిచ్చే డబ్బా అయిన ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి వైరు పెట్టించండి. నీలం పోర్టులో పెన్‌డ్రైవ్ మెల్లిగా దూర్చొద్దు. 3.0 పిన్నులు అయిదూ వేరే వరసలో ఉంటాయి. అవి అందేలోపే సిస్టం దాన్ని 2.0 అనుకుని పట్టుకుంటుంది ఒక్కోసారి. తీసి ఒక్క ఊపున పెడితే సరిపోతుంది.

మూడులాంతర్ల స్టూడియో:
పొద్దున్న అదే ఏడు ఎంబీ పెన్‌డ్రైవ్ పక్క షాపు వాళ్ల కొత్త లాప్‌టాప్‌లో, నీలం పోర్టులో పెట్టి చూశాను. ఎనిమిది. మా పార్టనర్ కూడా పక్కనే ఉండి చూశాడు. 3.0 కార్డు మాత్రం వేయిస్తున్నాం, మెమరీ కార్డులు దింపుకోవడానికి. ఇకనుంచి పార్టీల పెన్‌డ్రైవ్‌లు ముందు రోజే తెప్పించుకుని రాత్రి ఎక్కించి పెడతాం. మేనమామలకి టీ ఎలాగూ ఇస్తాం.