విల్లీస్ సీజే-3బీ ఇంట్లోనే బాగుచేస్తున్నా: ముందు బాడీ విప్పాలా, ఇంజిన్ తిప్పాలా?

ఎత్తుబానెట్

అందరికీ నమస్కారం. చాలాకాలంగా వెతుకుతుంటే చివరికి ఒక విల్లీస్ సీజే-3బీ దొరికింది, అదే, బానెట్ ఎత్తుగా ఉండే మోడల్. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న బండి. ఇంజిన్ అసలుదే, హరికేన్ ఎఫ్-హెడ్. గేర్‌బాక్స్ టీ-90, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి బలం పంచే గేరు పెట్టె) స్పైసర్ 18, ఏదీ ఎవరూ మార్చలేదు, అందుకే వదులుకోబుద్ధి కాలేదు. ఇంజిన్ మాత్రం జామ్ అయిపోయింది. డ్రైవర్ కాళ్ల కింద రేకు వేలితో నొక్కితే లోపలికి పోతోంది. బ్రేకు పెడల్ తొక్కితే నేరుగా కిందికి దిగి అక్కడే ఉండిపోతోంది.

బైకు ఇంజిన్లు విప్పి బిగించిన అనుభవం ఉంది, వెల్డింగ్ కొద్దిగా వచ్చు. షెడ్డులో బండి పెట్టాక చుట్టూ మనిషి తిరిగేంత చోటే మిగులుతుంది. పనంతా నా చేతులతోనే చేసుకోవాలని ఉంది, ప్రదర్శనలో పెట్టడానికి కాదు, మట్టి దారుల్లో తిప్పుకోవడానికి.

వీడియోల్లో చూస్తే అందరూ మొదటి రోజే బాడీ ఎత్తేసి చాసిస్ దాకా విప్పేస్తున్నారు. నేనూ అలాగే మొదలుపెట్టాలా, లేక ఉన్నది ఉన్నట్టు ముందు స్టార్ట్ చేసి చూడాలా? ఇంకో మాట, కొత్త బ్యాటరీ పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడొచ్చా?

పానాపది

ముందు రెండో ప్రశ్న. సెల్ఫ్ కొట్టొద్దు. జామ్ అయిన ఇంజిన్ మీద సెల్ఫ్ మోటారు బలం పెడితే తుప్పుకి అతుక్కున్న రింగులు విరగొచ్చు, లేదా ఫ్లైవీల్ పళ్లు పోవచ్చు.

మొదట సెల్ఫ్ మోటారునే విప్పి పక్కన పెట్టండి. దాని పినియన్ ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కుపోయి ఇంజిన్ కదలని బళ్లు ఉంటాయి, అదే అయితే మీ అదృష్టం. కాకపోతే నాలుగు ప్లగ్గులూ తీసి, ఏటీఎఫ్ నూనె (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసేది), అసిటోన్ సగం సగం కలిపి ప్రతి సిలిండర్‌లో కొంచెం కొంచెం పోసి కొన్నాళ్లు వదిలేయండి. అసిటోన్ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి, ఆ దగ్గర్లో గ్రైండర్ పెట్టకండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు హ్యాండిల్ పెట్టే చోట క్రాంకు నట్టు పట్టుకుని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపాలి. వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్లీ నూనె పోసి వదిలేయాలి. పానాకి పొడుగు పైపు తగిలించి వేలాడటం మాత్రం వద్దు.

ఈ ఇంజిన్‌లో ఒక సంగతి ఉంది. ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో, పక్కకి ఉంటాయి. హెడ్ ఎత్తు పెరగడం వల్లే బానెట్ కూడా ఎత్తు చేయాల్సి వచ్చింది. చాలాకాలం ఆగిన బళ్లలో ఆ కింది ఎగ్జాస్ట్ వాల్వులే గైడుల్లో (వాల్వు కాడ జారే గొట్టాల్లో) తుప్పుపట్టి తెరుచుకున్న చోటే బిగుసుకుపోతాయి. ఇంజిన్ తిరుగుతుంది గానీ ఆ సిలిండర్‌లో కంప్రెషన్ సున్నా. జనం రింగులు పోయాయనుకుని ఇంజిన్ మొత్తం దింపేస్తారు. బ్లాకు పక్కనున్న మూత విప్పి, క్రాంకు తిప్పుతూ ఒక్కో వాల్వు లేచి మళ్లీ కూర్చుంటోందా లేదా కళ్లారా చూడండి.

ఇక అసలు ప్రశ్న. నా మాట వింటే బాడీ ఇప్పుడే ఎత్తొద్దు. మీకున్న చోటులో బాడీ, చాసిస్, ఇంజిన్ విడివిడిగా పరిస్తే నడవడానికి దారి ఉండదు, ఆ స్థితిలో ఆగిపోయి చివరికి ముక్కలుగా అమ్ముడైన జీపులు ఎన్నో. పైగా నడిచే బండి తన రోగం తనే చెబుతుంది. రెండో గేరు జారుతోందా, ట్రాన్స్‌ఫర్ కేసు ఏడుస్తోందా, స్టీరింగ్ ఎంత ఖాళీగా తిరుగుతోంది, ఇవన్నీ విప్పేసిన బండిలో తెలియవు. అన్నీ కొత్తగా పెయింట్ చేసి బిగించాక గేర్‌బాక్స్ గోల బయటపడితే అంతకంటే బాధ లేదు.

రేకుపని

పై ఆయన ఇంజిన్ గురించి చెప్పింది అక్షరాలా నిజం, కానీ వరస విషయంలో నేను ఒప్పుకోను. కాళ్ల కింద రేకు వేలికే పోతోందంటే ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది దాని కింద ఏముందో. ఆ ఫ్లోర్ కింద అడ్డంగా టోపీ ఆకారంలో మడిచిన రేకు చానెళ్లు ఉంటాయి, బాడీని చాసిస్‌కి బిగించే బోల్టులు వాటిలోంచే వెళ్తాయి. మట్టి, తడి లోపల చేరి బయటికి పోయే దారి లేక ఆ చానెళ్లని లోపలినుంచి తుప్పు తినేస్తుంది. పైన మీకు కనిపించే చిల్లు ఆఖరున వచ్చిన లక్షణం, జబ్బు అంతకుముందే కింద మొదలైంది.

బాడీ ఎత్తకుండానే చాసిస్ చూడొచ్చు. జాకీ ఒక్కటే నమ్ముకుని కిందికి దూరకండి, ఇరుసుల కింద స్టాండ్లు పెట్టాకే. చిన్న సుత్తితో పొడుగునా కొడుతూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది చచ్చిన చప్పుడు చేస్తుంది. అలాంటి చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి, మొహమాటం వద్దు, ఇప్పుడు పడని చిల్లు రేపు రాళ్ల దారిలో పడుతుంది. వెనక అడ్డపట్టీ, స్ప్రింగు పట్టీలు బిగించే బ్రాకెట్లు, ముందువైపు రెండు రేకులు కలిపి డబ్బాలా మూసిన భాగం, ఇవి ముఖ్యం. స్టీరింగ్ బాక్సు బిగించే చోట వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి చీలికలు వెతకండి, పెయింటు కింద సన్నని గీతలా ఉంటాయి.

ఫ్లోర్ కోసేటప్పుడు మాత్రం పానాపది గారి మాటే నా మాట: బాడీ చాసిస్ మీదే బిగించి ఉండాలి. తలుపు ఖాళీల మధ్య అడ్డంగా ఇనుప కడ్డీలు తాత్కాలికంగా వెల్డ్ చేసి, ఆ తర్వాతే కోయండి, అదీ ఒక్కోసారి ఒక్క పక్కే. బాడీ ఎత్తేసి నేలమీద పెట్టి ఫ్లోర్ మొత్తం ఒకేసారి కోస్తే అది తడిసిన అట్టపెట్టెలా ఒరిగిపోతుంది, తర్వాత బోల్టు రంధ్రాలు ఏవీ కలవవు. వెల్డింగ్ ఒక అంగుళం ఇక్కడ, ఇంకో అంగుళం దూరంగా అక్కడ, రేకు వేడెక్కి వంకర పోకుండా. కొత్త రేకు వెనక వైపు, మళ్లీ చేయి దూరని చోట, వెల్డింగ్‌కి ముందే జింక్ ప్రైమర్ కొట్టండి.

అన్నిటికంటే ముందు ఒకటి. పెట్రోలు ట్యాంకు సరిగ్గా డ్రైవర్ సీటు కిందే ఉంటుంది, అంటే మీరు కోయబోయే చోటుకి జానెడు దూరంలో. దాన్ని తీసి షెడ్డు బయట పెట్టండి. ఖాళీ ట్యాంకు ఇంకా ప్రమాదం, లోపల మిగిలేది ఆవిరే. దానికి వెల్డింగ్ ఇంట్లో చేసే పని కాదు.

ఎత్తుబానెట్

ఇద్దరికీ చాలా థాంక్స్. చెప్పినట్టే చేస్తున్నా. సెల్ఫ్ మోటారు తీసినా ఇంజిన్ కదల్లేదు, నూనె పోసి వదిలేశా. ఈ ఉదయం హ్యాండిల్‌తో ఊపుతుంటే టక్కుమని చిన్న శబ్దం వచ్చి పావు చుట్టు తిరిగింది! ఇంకా బలవంతం పెట్టలేదు, మళ్లీ పోశా.

చాసిస్ సంగతి, వెనక అడ్డపట్టీలో కుడి చివర స్క్రూడ్రైవర్ దిగిపోయింది. మిగతాదంతా ఖంగుమంటోంది. స్టీరింగ్ బాక్సు దగ్గర గీకి చూశా, చీలికలు లేవు.

బ్రేకులు చూద్దామని చక్రాలు విప్పబోతే కుడివైపు నట్లు హాయిగా వచ్చేశాయి, ఎడమవైపు ఒక్కటి కూడా కదలట్లేదు. తుప్పు వదిలే స్ప్రే కొట్టా. పైపు తగిలించి దానిమీద నిలబడదామా అని చూస్తున్నా.

గ్రీజుడబ్బా

ఆగండి, నిలబడకండి! ఈ జీపులకి ఎడమవైపు చక్రాల బోల్టులు ఎడమ మరవి. కుడివైపు మామూలుగానే ఉంటాయి, ఎడమవైపు సవ్యదిశలో తిప్పితేనే వదులవుతాయి. మీరు ఇంతసేపూ బిగిస్తున్నారు. బోల్టు చివర గీకి చూడండి, చాలావాటికి ఎల్ అని కొట్టి ఉంటుంది. మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి మర ఎటు వాలిందో కూడా చూసుకుని అప్పుడు బలం పెట్టండి.

వెనక డ్రమ్ముల దగ్గర ఇంకో జాగ్రత్త. వెనక ఇరుసు చివర సన్నగా కోసుకుపోయి ఉంటుంది, హబ్ దానిమీద చెక్క దిగినట్టు బిగుసుకుని కూర్చుంటుంది. సుత్తితో ఇరుసు చివర కొట్టడం, గ్యాస్ మంట పెట్టడం వద్దు. చక్రం బోల్టులకి బిగించే పెద్ద పుల్లర్ సంపాదించండి. మధ్య నట్టు వదులు చేయండి గానీ పూర్తిగా తీయకండి, కొన్ని మరలు పట్టి ఉండనివ్వండి. పుల్లర్ బిగించాక హబ్ తుపాకి పేలినట్టు ఒక్కసారిగా ఊడి వస్తుంది, ఆ నట్టే దాన్ని మీ మోకాళ్ల మీద పడకుండా ఆపేది. ఎదురుగా కూర్చోవద్దు, పక్కనుంచి పనిచేయండి.

లోపలి దుమ్ము గాలితో ఊదొద్దు. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడవండి.

బ్రేకు సిస్టమ్‌కి ఒకటే సర్క్యూట్, నాలుగు చక్రాలకీ కలిపి ఒక్క మాస్టర్ సిలిండర్. ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే ఒక చక్రం బాగుచేసి మిగతావి తర్వాత చూద్దామనే ఆలోచన ఇక్కడ పనికిరాదు: నాలుగు వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, రబ్బరు హోసులు, ఇనుప పైపులు, అన్నీ ఒకేసారి కొత్తవి వేయండి. హ్యాండ్ బ్రేకు చక్రాల్లో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక వేరే డ్రమ్ము మీద పనిచేస్తుంది, దాన్ని కూడా విప్పి చూడండి. ట్రాన్స్‌ఫర్ కేసు సీలు కారి ఆ షూలు గేర్ ఆయిల్‌లో నాని ఉండటం మామూలే.

ముందు చక్రాలు విప్పారు కాబట్టి కింగ్‌పిన్‌లు (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం పక్కకి తిరిగే పిన్నులు) కూడా ఇప్పుడే చూసుకోండి. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట కనిపించిందంటే, అది కింగ్‌పిన్ బేరింగుదా, వీల్ బేరింగుదా తేల్చుకోవాలి. ఎవరినైనా బ్రేకు తొక్కమందామంటే మీకు బ్రేకే లేదు, కాబట్టి డ్రమ్ము తీశాక నకిల్‌నే (కింగ్‌పిన్‌ల మీద తిరిగే ఇనుప భాగాన్ని) పట్టుకుని ఊపండి. అక్కడ ఆట ఉంటే కింగ్‌పిన్ బేరింగులు మార్చి, పైన షిమ్ములతో (పలుచని రేకు బిళ్లలతో) సరైన బిగువు తెచ్చుకోవాలి. దీన్ని వదిలేస్తే ఒక గుంతలో చక్రం పడగానే స్టీరింగ్ చేతుల్లో వణికిపోతుంది, బండి ఆపేదాకా తగ్గదు.

పానాపది

ఇంజిన్ కదిలిందా! చాలా సంతోషం. రేకుపని గారి పద్ధతి మీ బండికి సరిగ్గా సరిపోయింది, వెనక అడ్డపట్టీ ఒక్కటే పోయిందంటే దాన్ని బాడీ ఎత్తకుండా మార్చొచ్చు, కాబట్టి ఇక విప్పే ప్రసక్తే లేదు.

ఇంజిన్ రెండు పూర్తి చుట్లు హాయిగా తిరిగాక సంపు (ఇంజిన్ అడుగున నూనె తొట్టి) విప్పి అడుగు బురద కడిగేయండి, నూనె పీల్చే జల్లెడ ఆ బురదలోనే ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు పాత ట్యాంకు పెట్రోలు వాడొద్దు, చిన్న డబ్బా వేలాడదీసి కొత్త పైపుతో ఇవ్వండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం, ప్లగ్గులది 0.030. మీది 6 వోల్టు బండి అయితే బ్యాటరీ కేబుళ్లు బాగా లావువి వేయండి, అదే పనికి 12 వోల్టులో వెళ్లే కరెంటుకి రెట్టింపు వీటిలో వెళ్తుంది. 6 వోల్టు బలహీనమని తిట్టుకునే చాలామంది బళ్లలో సన్న కేబులూ, పెయింటు మీద బిగించిన ఎర్తూ ఉంటాయి.

వాల్వులు అన్నీ కూర్చుంటున్నాయని తేలాక కంప్రెషన్ చూడండి, తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. నాలుగింటి నంబర్లూ రెండేసి సార్లు తీసి ఇక్కడ పెట్టండి, హెడ్ విప్పాలో వద్దో అప్పుడు చెప్తా.