గుండెనొప్పి టెస్టుకు మెరిసే కణాల స్ట్రిప్ అవసరమా, ఎర్రగీత కార్డు చాలదా?

మైక్రోపిపెట్:
మా నర్సింగ్ హోమ్‌లో ట్రోపోనిన్‌కి, అంటే గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్‌కి, బంగారు కణాల కార్డే వాడుతున్నాం. ఎర్రగీత పడితే పాజిటివ్. ఇప్పుడు యూరోపియం అనే లోహం ఉన్న మెరిసే కణాల స్ట్రిప్పులు, వాటిని చదివే రీడర్ కొనమంటున్నారు. దండగ అంటాను. ఒక కంపెనీ రీడర్ ఇంకో కంపెనీ స్ట్రిప్‌ని చదవదు. కొన్నాక వాళ్లు చెప్పిందే రేటు.

వెన్నెల:
రేటు సంగతి నిజమేనండి. కానీ లేత గీత పడితే ఇద్దరు టెక్నీషియన్లు చెరో మాట చెప్పరూ? పైగా ఇక్కడ ఉందా లేదా అన్నది ఒక్కటే చాలదు, పెరుగుతోందా అన్నది తెలియాలి. కొన్ని గంటలాగి మళ్లీ రక్తం తీసి పోల్చాలి. అంకె లేకుండా ఎలా పోలుస్తారు?

యూరోపియం గొప్పతనం దాని వెలుగు నెమ్మదిగా ఆరడంలో ఉంది. యూవీ కాంతి పడగానే రక్తంలోని పదార్థాలు, స్ట్రిప్ పొర కూడా కాస్త మెరుస్తాయి. ఆ మెరుపు నానోసెకన్లలో పోతుంది. యూరోపియం ఎర్రకాంతి, 615 నానోమీటర్ల దగ్గరిది, వందల మైక్రోసెకన్లు నిలుస్తుంది. రీడర్ ఆ గోల సద్దుమణిగాకే కొలవడం మొదలుపెడుతుంది. టైమ్ రిజాల్వ్‌డ్ రీడర్ అయితేనే సుమా! మామూలుదైతే ఈ లాభం రాదు.

చుక్కలరాయుడు:
క్వాంటమ్ డాట్స్, అదే మెరిసే అతిచిన్న సెమీకండక్టర్ కణాలు, ఉండగా యూరోపియం ఎందుకు? 2023లో నోబెల్ కూడా వచ్చింది.

వెన్నెల:
నోబెల్ ఇచ్చింది వాటిని కనిపెట్టి తయారుచేసినందుకు, స్ట్రిప్పుల కోసం కాదు. చాలావాటిలో కాడ్మియం అనే విషలోహం ఉంటుంది. వాడేసినవి ఎక్కడ పారేస్తారు? నా ఆశ ఎర్బియం అనే ఇంకో లోహం ఉన్న కణాల మీద. 980 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ వేస్తే ఆకుపచ్చగా మెరుస్తాయి. రక్తానికి ఆ గుణం లేదు కాబట్టి అడ్డు మెరుపు బెడదే ఉండదు.

పల్లెడాక్టర్:
అందరూ వెలుగు గురించే. వెతికే ప్రోటీన్‌ని పట్టి కణానికి అతికించే యాంటీబాడీ ఊసెత్తరేం? అది నాసిరకమైతే తప్పుచోట అతుక్కున్న కణమూ అంతే బాగా మెరుస్తుంది. మలేరియానే చూడండి. కార్డు పట్టే హెచ్‌ఆర్‌పీ2 అనే మలేరియా క్రిమి ప్రోటీన్ రోగం నయమయ్యాక కూడా వారాల తరబడి రక్తంలో ఉండొచ్చు. అక్కడ ఇంకా చురుకైన కణాలు పెడితే కోలుకున్నవాడిని మరికొన్నాళ్లు రోగి అంటాం. మలేరియాకి ఎర్రగీత చాలు, ట్రోపోనిన్‌కి అంకె కావాలి.

మైక్రోపిపెట్:
అంకె కావాలంటే శాంపిల్ టౌన్‌కి పంపొచ్చుగా డాక్టర్‌గారూ?

పల్లెడాక్టర్:
రిపోర్టు వచ్చేదాకా రోగిని ఎక్కడ ఉంచుతారు? ఈసీజీలో ఎస్‌టీ ఎలివేషన్, అంటే పెద్ద గుండెపోటును సూచించే గీత పెరుగుదల, కనిపిస్తే ఏ టెస్టు కోసమూ ఆగకుండా పంపేయాలి. ఈసీజీ తేల్చని కేసులకే ఈ తంటా అంతా.

మైక్రోపిపెట్:
అయితే కొటేషన్ అడుగుతా. బ్యాటరీతో నడవాలి, టైమ్ రిజాల్వ్‌డ్ అని రాసివ్వాలి. స్ట్రిప్ రేటు మూడేళ్లు పెంచమని కూడా రాయించుకుంటే కదా... పెంచబోమని!