బటన్ నొక్కితే కుబర్నెటీస్‌లో (సర్వర్లలో ప్రోగ్రాములు నడిపే వ్యవస్థ) జాబ్ (ఒకసారి నడిచి ముగిసే పని) నడవాలి, ఎలా?

ప్రశ్న (గుంటూరు): మిర్చి యార్డు కమీషన్ కొట్లకి లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం. సాయంత్రం బిల్లుల పీడీఎఫ్‌లు తీసే జాబ్‌కి ఒక్కో కొట్టు నంబరు, తేదీ మార్చి యామల్ ఫైలు (జాబ్ వివరాలు రాసే ఫైలు) చేత్తో అప్లై చేస్తున్నాం, సీజన్‌లో ఒకటే టెన్షన్. వెబ్ పేజీ నుంచే నడిపే దారి చెప్పండి.

జవాబు: ఆర్గో వర్క్‌ఫ్లోస్ (కుబర్నెటీస్‌లో జాబ్‌లు నడిపే టూల్) పెట్టండి. టెంప్లేట్ ఒకసారి రాసుకుంటే, వెబ్ పేజీ నుంచి పోస్ట్ రిక్వెస్ట్‌లో (సర్వర్‌కి డేటా పంపే పద్ధతి) నంబరు, తేదీ పారామీటర్లుగా పంపితే చాలు.

జవాబు (విజయవాడ): ఒక్క జాబ్‌కి అంత ఎందుకండీ? చిన్న సర్వీసు రాసి జాబ్‌ని నేరుగా కుబర్నెటీస్ ఏపీఐకి (ప్రోగ్రాములు దానితో మాట్లాడే దారి) పంపండి. కొట్టు నంబరు, తేదీ కలిపి జాబ్ పేరు పెడితే బటన్ రెండుసార్లు నొక్కినా రెండోదానికి 409 (ఆ పేరుతో ఇప్పటికే ఉందనే ఎర్రర్) వస్తుంది, బిల్లు మళ్లీ తయారవదు. బ్యాకాఫ్ లిమిట్ (జాబ్ ఫెయిలైతే ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో చెప్పేది) మామూలుగా 6, తగ్గించుకోండి.

జవాబు: ఆ సర్వీసు వాడే సర్వీస్ అకౌంట్‌కి (కుబర్నెటీస్‌లో దాని ఐడీ) జాబ్స్ క్రియేట్, గెట్ పర్మిషన్లు తప్ప ఏమీ ఇవ్వకండి. ఇమేజ్ (జాబ్‌లో నడిచే ప్రోగ్రాం ప్యాకేజీ) పేరు మాత్రం రిక్వెస్ట్‌లోంచి అస్సలు తీసుకోవద్దు.