అప్‌డేట్: మెడనొప్పికి సూదులు వేయించుకున్నా

మెడ పట్టేసింది, ఇక్కడ చైనాలోని చెంగ్దూలో అందరూ ఆక్యుపంక్చర్ (సూదులు గుచ్చి చేసే వైద్యం) అంటున్నారు వెళ్లనా అని అడిగా కదా, వెళ్లొచ్చా. నాలుక చాపమని, రెండు మణికట్ల దగ్గర మూడేసి వేళ్లు పెట్టి నాడి చూసి, "చీ" (వాళ్ల వైద్యంలో ఒంట్లో తిరిగే ప్రాణశక్తి అంట) కదలట్లేదు అందుకే నొప్పి అన్నాడు డాక్టరు. సూది వెంట్రుకంత సన్నం, గుచ్చినట్టే తెలీలేదు గానీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది మాత్రం జివ్వున లాగేసింది, అలా బరువుగా అనిపిస్తేనే పనిచేస్తున్నట్టంట! అరగంటయ్యాక గాజు కప్పుల్లో మంట చూపించి వీపుకి అంటించారు, ఇప్పుడు వీపంతా గారెలంత నల్లటి మచ్చలు, పోడానికి వారం పైనే పడుతుందంట. ఏదో ఎండాకు కూడా కాల్చి వెచ్చబెట్టారు, తీరా చూస్తే మన చవితి పత్రిలో మాచిపత్రి జాతే అది. నొప్పి సగం తగ్గింది, సూదుల వల్లో రెండ్రోజులు ల్యాప్‌టాప్ ముట్టుకోనందుకో చెప్పలేను. చేతిలో తిమ్మిరి మాత్రం అలాగే ఉంది, అందుకే రేపు ఎమ్మారైకి వెళ్తున్నా.