ప్రైవేటు పైలట్లకు స్పిన్ శిక్షణను మళ్లీ తప్పనిసరి చేయాలా?

విద్యార్థి తండ్రి:
మా అబ్బాయి అమెరికాలో ప్రైవేటు పైలట్ శిక్షణ పొందుతున్నాడు. విమానం స్పిన్‌లో, అంటే రెక్కలు పట్టు కోల్పోయి గిరగిరా తిరుగుతూ కిందికి జారే స్థితిలో పడితే ఎలా బయటపడాలో అభ్యాసం చేయించడం అక్కడ తప్పనిసరి కాదట. 1949లో ఆ నిబంధనను తీసేశారు, ఇప్పుడది శిక్షకులు కాబోయేవారికి మాత్రమే ఉంది. దిగబోతూ అదుపు తప్పి కూలిన చిన్న విమానాల గురించి చదివినప్పుడల్లా, ఆ నిబంధన తిరిగి రావాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పాత శిక్షకుడు:
మీ ఆందోళన న్యాయమైనదే గానీ, మీరు కోరే నిబంధన ఆ ప్రమాదాలను ఆపలేదని నా నమ్మకం. రన్‌వేకు అడ్డంగా ఎగిరే బేస్ నుంచి, రన్‌వేకు సూటిగా దిగే ఫైనల్‌కు తిరిగే మలుపులో విమానం నేలకు సుమారు 500 అడుగుల ఎత్తులో ఉంటుంది. సెస్నా 172 స్పిన్‌లో ఒక్క చుట్టు తిరిగి బయటపడేసరికి దాదాపు 1,000 అడుగులు కోల్పోతుంది. ఎంత నేర్చినవారికైనా అక్కడ లేని ఎత్తు ఎక్కడినుంచి వస్తుంది?

అసలు తప్పు అంతకు ముందే మొదలవుతుంది. బేస్‌లో వెనుక నుంచి గాలి తోస్తే, మలుపు పూర్తయ్యేలోపే విమానం రన్‌వేకు సూటిగా ఉండే గీతను దాటిపోతుంది. నేల దగ్గరపడిందన్న భయంతో రెక్కను మరింత వంచడానికి చెయ్యి రాక, పైలట్ మలుపు వైపు రడ్డర్‌ను (ముక్కును పక్కకు తిప్పే తోక పలకను) తొక్కుతాడు. ముక్కు కిందికి జారుతుంటే కంట్రోల్‌ను తనవైపు లాక్కుంటూ, పెరుగుతున్న వాలును ఆపడానికి ఏలరాన్‌ను (రెక్క వెనుక అంచున ఉండి విమానాన్ని పక్కకు వాల్చే పలకను) ఎదురు దిక్కుకు తిప్పుతాడు. అప్పుడు లోపలి రెక్క మీది ఏలరాన్ కిందికి దిగి, ఆ రెక్క గాలిని ఎదుర్కొనే కోణం పెరిగి, అదే ముందుగా స్టాల్ అవుతుంది, అంటే విమానాన్ని పైకి మోసే బలాన్ని కోల్పోతుంది. ఎత్తు కోల్పోకుండా తిరిగే మలుపులో స్టాల్ వేగం 30 డిగ్రీల వాలుకు 7 శాతమే పెరుగుతుంది. 60 డిగ్రీలకు 41 శాతం పెరుగుతుంది. ఫైనల్‌లో పాటించే వేగమేమో స్టాల్ వేగానికి సుమారు 1.3 రెట్లే, కాబట్టి 60 డిగ్రీల వాలులో అది చాలదు.

గ్లైడర్ మిత్రుడు:
శిక్షకుడు గారూ, ఎత్తు సంగతి కాదనను. అయితే స్పిన్‌ను ఒక్కసారైనా అనుభవించినవారికి, ఆ మలుపులో తమ కాలు తప్పు చేస్తోందని శరీరానికే తెలుస్తుంది. కెనడాలో ప్రైవేటు పైలట్ల శిక్షణలో స్పిన్ నేటికీ ఉంది.

పాత శిక్షకుడు:
ఆ మాట ఒప్పుకుంటాను, అనుమతి ఉన్న విమానంలో, అనుభవజ్ఞుడైన శిక్షకుడి పక్కన, తగిన ఎత్తులో స్పిన్‌ను చూసి రావడం ఎవరికైనా మంచిదే. కానీ 1949లో శిక్షణను స్టాల్‌ను ముందే గుర్తించి నివారించడం వైపు మళ్లించడం సరైన నిర్ణయమని, అయితే ఆ నివారణ నేర్పే పనిని మనం సగంలో వదిలేశామని నేననుకుంటాను. గీత దాటిపోతే దాన్ని సరిదిద్దాలని చూడకుండా, పవర్ ఇచ్చి, రెక్కలు సమం చేసి, గో అరౌండ్ చేసి మళ్లీ చుట్టూ తిరిగి రావాలన్న నిర్ణయాన్ని విద్యార్థి తనంతట తాను తీసుకునేదాకా నేర్పాలి. తండ్రిగారూ, ఈ విషయం మీ అబ్బాయిని అడిగి చూడండి.

విద్యార్థి తండ్రి:
నిన్న రాత్రి అడిగానండీ. గో అరౌండ్ ఎన్నోసార్లు చేశాడట గానీ, ప్రతిసారీ శిక్షకుడు చెప్పిన తరువాతేనట. వచ్చే పాఠంలో ఆ నిర్ణయం తనకే వదిలేయమని కోరతానన్నాడు.